సీతక్క గారూ, ఈ ఆగస్టు తల్లిపాల వారోత్సవాలకు మగవాళ్లను కూడా పిలవండి

తెలంగాణ రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి సీతక్క గారికి,

నమస్కారం.

మా పాపకు ఇప్పుడు ఏడో నెల. మొన్న మే నెలలో, ఇంకా నా పాలు తప్ప వేరే ఏదీ తాగని రోజుల్లో, దాన్ని తీసుకుని అమ్మగారింటి నుంచి బస్సులో వస్తున్నాను. మూడు గంటల ప్రయాణం. ఎక్కేముందే కడుపునిండా పాలిచ్చాను. గంట దాటిందో లేదో మళ్లీ ఏడుపు. ఆ ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి నా డ్రెస్సు ముందంతా తడిసిపోయింది. చున్నీ కప్పుకుని పాపను దగ్గరికి తీసుకున్నాను. ముందు సీట్లో కుర్రాళ్లిద్దరు ఒకసారి వెనక్కి తిరిగారు. కాసేపాగి మళ్లీ తిరిగారు. చున్నీ కింద ఉక్కకు పాప తల విదిలించడం, నోట్లోంచి జారిపోవడం, మళ్లీ ఏడుపు. పక్క వరసలో పెద్దాయన, "ఇంటికాడనే పాలు పట్టి రావద్దా అమ్మా" అన్నాడు. కోపంగా కూడా కాదు, మంచిమాట చెప్తున్నట్టే అన్నాడు. నేను పాపను భుజాన వేసుకుని, దిగేదాకా జోకొడుతూ కూర్చున్నాను.

దిగిన బస్టాండులో తల్లిపాల గది ఉంది. తలుపు మీద బిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మ, దానికింద తాళం. కిటికీలోంచి చూస్తే అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు కనిపించాయి. అడిగితే, తాళంచెవి ఉన్నాయన అన్నానికి పోయాడన్నారు. ఇక ఆగలేక మరుగుదొడ్ల పక్క సందులో గోడకు ఆనుకుని నిలబడి పాలిచ్చాను. అక్కడ ఊడుస్తున్న ఒకావిడ చీపురు పక్కన పెట్టి, నాకు అడ్డంగా నిలబడి కొంగు పరిచి పట్టుకుంది. "నువ్వు ఇయ్యి బిడ్డా, నేనున్న గదా" అంది. ఆ మాటకు ఏడుపొచ్చింది.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క గది తాళం తీయించి ఊరుకుంటారేమోనని నా భయం.

గదులు వద్దని అనను. తమిళనాడులో జయలలిత గారి ప్రభుత్వం 2015 ఆగస్టులోనే బస్టాండ్లలో ఇలాంటి గదులు తెరిచింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం మీద తీర్పిచ్చింది. ఉన్న ప్రభుత్వ భవనాల్లో వీలైనంత వరకు, కట్టబోయేవాటిలో తప్పకుండా ఇలాంటి చోటు చూడాలని రాష్ట్రాలకు గుర్తుచేసింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది అదే తీర్పులోని ఇంకో మాట. నలుగురిలో బిడ్డకు పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని, స్త్రీల గౌరవాన్ని తగ్గించే పద్ధతులు వదులుకోవడం రాజ్యాంగం ప్రకారం ప్రతి పౌరుడి బాధ్యతని కోర్టు గుర్తుచేసింది. గది సంగతి అధికారులు ఎప్పటికైనా చూస్తారు. ఈ రెండో మాట ఎవరు చూస్తారు?

ఎందుకంటే గది బస్టాండులో ఉంటుంది, బస్సులో ఉండదు. సంతలో, రేషన్ షాపు లైన్లో, పెళ్లి పందిట్లో, బ్యాంకులో ఉండదు. పాలు తాగే బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు అడుగుతుంది. ఆపుకుంటే తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరమొస్తుంది, తాగేది తగ్గితే వచ్చే పాలూ తగ్గిపోతాయి. అప్పుడు ఇంట్లో అందరూ "నీకు పాలు చాలట్లేదు, డబ్బాపాలు పట్టు" అంటారు. మహాలక్ష్మి పథకం వచ్చాక మాలాంటివాళ్లం పిల్లల్ని ఎత్తుకుని ధైర్యంగా బయల్దేరుతున్నాం. టికెట్ టెన్షన్ లేదు. పాప ఎక్కడ ఏడుస్తుందోనన్న టెన్షనే మిగిలింది.

మన దగ్గర ఈ సిగ్గు ఎప్పటినుంచో ఉన్నదని నేను అనుకోను. మా అమ్మమ్మ నాట్లకు పోయి గట్టు మీద కూర్చుని పాలిచ్చేదట. 2024 జాతరకు మీ మేడారం వచ్చినప్పుడు చూశాను, చెట్ల కింద ఎందరో తల్లులు పసిపిల్లలకు పాలిస్తున్నారు, జనం ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. చీరకు కొంగుండేది, మా డ్రెస్సులకు అది లేదు, నిజమే. మా అత్తమ్మ దిష్టి తగులుతుందని భయపడుతుంది, ఆమె భయం బిడ్డ మీద ప్రేమతోనే. బస్సులో ఆ పెద్దాయన అన్నది అలాంటిది కాదు. తల్లి చేసే పనిలో ఏదో తప్పుందని ఆయన నమ్ముతున్నాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నా విన్నపం అదే. పోయిన ఆగస్టులో కడుపుతో ఉన్నప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో తల్లిపాల వారోత్సవాలకు వెళ్లాను. టీచరమ్మ ఎంత బాగా చెప్పిందో. పుట్టిన గంటలోపే ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు, ఆ తర్వాత తిండితో పాటు రెండేళ్ల వరకు పాలు. కూర్చున్నవాళ్లం అందరం ఆడవాళ్లమే, సగం మందికి అప్పటికే తెలిసిన విషయాలే. తెలియాల్సినవాళ్లు బయట అరుగు మీద కూర్చున్నారు.

ఈసారి వాళ్లను లోపలికి పిలవండి. భర్తలను, మామలను, సర్పంచిని, ఆటోడ్రైవర్లను. రవాణా శాఖతో మాట్లాడి కండక్టర్లకు ఒక్క పూట చెప్పించండి, బస్సులో తల్లి ఇబ్బంది పడుతుంటే "నువ్వు పాలియ్యమ్మా" అని ఒక్కమాట అంటే చాలని. కాలేజీ కుర్రాళ్లకు వాళ్ల లెక్చరర్ల చేత చెప్పించండి. మీ పోస్టర్లలో తల్లి ఎప్పుడూ ఇంట్లో మంచం మీదే ఉంటుంది. ఒక్కసారి బస్సు సీట్లో కూర్చోబెట్టండి, పక్కన ఒక మగమనిషి తన పేపరు తను చదువుకుంటున్నట్టు.

ఆగస్టు 1న వారోత్సవాలు మొదలవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. మా ఊరి సమావేశానికి ఈసారి మా ఆయనను, మామయ్యను వెంటబెట్టుకుని వెళ్తాను. వస్తామన్నారు కూడా. పిలుపు మాత్రం మీ శాఖ నుంచి రావాలి.

ఇట్లు,
ఏడో నెల పాప తల్లి