మందుకు లొంగని క్యాన్సర్ గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. క్యాన్సర్ మందుల కోసం కొత్త అణువులు తయారుచేసే రసాయన శాస్త్రవేత్తను నేను. నిధుల కోసం మేం పంపిన ప్రతిపాదన తిరిగొచ్చినప్పుడల్లా దాదాపు ఒకటే మాట ఉంటుంది: "ఈ క్యాన్సర్‌కి ఇప్పటికే మందు ఉంది కదా." ఆ మాట గురించే ఈ ఉత్తరం.

మందు ఉంది, నిజమే. 2001లో ఇమాటినిబ్ వచ్చాక, దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి బతికినవాళ్లు ఎందరో. కానీ కొందరిలో రోగం తిరగబెడుతుంది. ఈ క్యాన్సర్‌ను నడిపించేది, ఇమాటినిబ్ వెళ్లి అతుక్కునేది బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్. అందులో 315వ స్థానంలో ఉండే త్రియోనిన్ పోయి, ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుంటుంది. మారింది ఒక్క అమైనో ఆమ్లమే. దాంతో ఇమాటినిబ్‌కు అక్కడ దొరికే హైడ్రోజన్ బంధం పోతుంది. పైగా కొత్తగా వచ్చింది కాస్త లావు, మందుకు చోటు చాలదు. తర్వాత వచ్చిన దసాటినిబ్, నిలోటినిబ్ అనే మందులు కూడా ఆ మార్పు ముందు చేతులెత్తేశాయి.

ఆ మార్పును దాటగలిగిన మందు పొనాటినిబ్. దాన్ని రూపొందించినవాళ్లు అణువు మధ్యలో రెండు కార్బన్లను మూడు బంధాలతో కలిపారు. సూదిలా సన్నగా, నిటారుగా ఉండే ఆ భాగం ఐసోల్యూసిన్‌ను తగలకుండా పక్కనుంచి దూరిపోతుంది. కంప్యూటర్ తెర మీద విద్యార్థులకు అది చూపించినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు దానికీ ఉంది, అందుకే 2021లో వచ్చిన ఆసిమినిబ్ లాంటివీ కావాలి. అయితే ఒక్కటి గమనించండి. ఆ మార్పును 2001లోనే గుర్తించారు. పొనాటినిబ్‌కు అనుమతి వచ్చింది 2012 డిసెంబరులో. ఈ రెండింటి మధ్య ఏళ్లలో రోగం తిరగబెట్టినవాళ్లు ఏం చేయాలి?

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ ఇదే వరస. ముందొచ్చిన జెఫిటినిబ్ అనే మందుకు లొంగని కణాల కోసం 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చింది. అది ఆ కణాల్లోని ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌లో 797వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ సిస్టీన్ సెరీన్‌గా మారితే ఆ పట్టు పోతుంది.

ప్రతిదానికీ కొత్త అణువే జవాబని నేను అనను. మందును కణం నుంచి బయటికి తోడేసే పి-గ్లైకోప్రోటీన్ సంగతి 1976 నుంచీ తెలుసు. దాన్ని ఆపే మందులు రోగుల్లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అదే పంపు మెదడునూ పేగులనూ విషాల నుంచి కాపాడుతుంది మరి.

మేం ఫ్లాస్కులో క్యాన్సర్ కణాలకు మందు మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ పోతాం. చాలావరకు చస్తాయి. కొన్ని నెలలకు అడుగున ఒక మూల చిన్న గుంపు కనబడుతుంది, మందును తట్టుకుని నిలబడ్డవి. రోగుల్లో రేపు కనబడే మార్పుల్లో కొన్నయినా అలా ముందే తెలుస్తాయి. తర్వాతి అణువు పని ఆ రోజే మొదలవ్వాలి.

అందుకే అడుగుతున్నాను. మొదటి మందు బాగా పనిచేస్తుండగానే రెండోదానికి నిధులివ్వండి. మందు పనిచేయడం మానేసిన రోగుల నుంచి, వాళ్ల అంగీకారంతో, మళ్లీ కణజాలం తీసి పరీక్షించే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఆ ఫలితాలు, పేర్లు లేకుండా, మాలాంటివాళ్లకు వెంటనే అందాలి.

అలా తట్టుకుని నిలబడ్డ కణాలు మా ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉన్నాయి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక ఔషధ రసాయన శాస్త్రవేత్త