వెనక్కి ఎందుకు తిప్పలేదని పైలట్‌ని నిందించకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న విమానం లేచీ లేవగానే ఇంజిన్ ఆగి కూలిందని వార్త రాగానే "రన్‌వే వెనకే ఉంది కదా, తిప్పుకుని దిగొచ్చుగా" అని అందరూ అనేస్తారు, వింటుంటే బాధేస్తుంది. లేచేటప్పుడు విమానం ముక్కు పైకెత్తి ఉంటుంది, ఇంజిన్ ఆగితే వేగం సెకన్లలో పడిపోతుంది కాబట్టి పైలట్ వెంటనే ముక్కు కిందికి దించాలి. నేల అంత దగ్గర్లో కనిపిస్తుంటే ఆ పని చేయడం ఎంత టెన్షనో ఆలోచించండి. వెనక్కి రావాలంటే 180 డిగ్రీలు తిరిగితే చాలదు, రన్‌వే వరుసలో పడటానికి ఇంకా తిరగాలి. విమానాన్ని పక్కకి 45 డిగ్రీలు వంచి తిప్పితే గాల్లో నిలవడానికి కావాల్సిన కనీస వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది, అది లేకపోతే స్టాల్ అయి, అంటే రెక్కలకు విమానాన్ని మోసే బలం పోయి, గిర్రున తిరుగుతూ పడిపోవచ్చు. అందుకే తక్కువ ఎత్తులో ఇంజిన్ పోతే ఎదురుగా, కాస్త అటూ ఇటూగా దొరికిన చోటే దిగమని శిక్షణలో నేర్పుతారు.

మరి హైదరాబాద్‌లోని పాత బేగంపేట విమానాశ్రయంలో ఎదురుగా ఏముంది? 2008లో ప్రయాణికుల సర్వీసులు శంషాబాద్‌కి వెళ్లాయి గానీ ఇక్కడ చిన్న విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. చుట్టూ బోయినపల్లి, బాలానగర్, సనత్‌నగర్ అన్నీ ఇళ్లే. రన్‌వే చివర్ల వైపు మిగిలిన కాస్త ఖాళీ జాగాలో అయినా కట్టడాలకు అనుమతి ఇవ్వకూడదు. ఇంధనంలో నీళ్లు చేరినా ఇంజిన్ ఆగుతుంది, కాబట్టి దర్యాప్తు నివేదిక వచ్చేదాకా మీ పత్రికలో 'పైలట్ తప్పిదం' అని శీర్షిక పెట్టొద్దని నా మనవి.

- ఒక పాఠకుడు, బోయినపల్లి