పందుల పెంపకందార్ల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఏ షెడ్డుకు వెళ్లినా ఒకే మాట: "టీకా వేయించాం కదా, ఇంకా టెన్షన్ ఎందుకు?" మనం వేయించేది క్లాసికల్ స్వైన్ ఫీవర్ అనే పందుల జ్వరానికి టీకా. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే ఇంకో పందుల జ్వరానికి అది పనిచేయదు. పేర్లు కలిసినా ఆ రెండు వైరస్‌లకూ చుట్టరికం లేదు. ఆఫ్రికన్ రకం మన దేశంలో 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట బయటపడింది. దానికి మన దగ్గర టీకా లేదు, మందూ లేదు.

కంటితో చూసి ఏ జ్వరమో చెప్పలేకపోవడమే అసలు చిక్కు. ఏదొచ్చినా మేత మానేస్తాయి, ఒళ్లు కాలిపోతుంది, చెవులు, పొట్ట ఎర్రగా కమిలి నీలం తిరుగుతాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా ల్యాబులో వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్ష అయ్యేదాకా ఆగాల్సిందే.

వానాకాలంలో మన సభ్యుడి షెడ్డులో సరిగ్గా ఇలాగే మొదలైంది. ఆయన వ్యాపారికి ఫోన్ చేయకుండా ముందు సంఘానికి చేశారు. ఈ ఏడాది జరిగిన మంచి పని ఏదంటే ఇదే చెబుతాను. పశువుల డాక్టర్ గారు వచ్చి రక్తం తీసి, ఐస్‌లో పెట్టి ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ వీధిలోకి బండి రానివ్వలేదు. అయినా పక్క షెడ్డు నుంచి ఒకరు రాత్రికి రాత్రి రెండు పందుల్ని అమ్మేశారు. పేరు రాయను, సమావేశంలో ఆయనే ఒప్పుకున్నారు. చివరికి తేలింది క్లాసికల్ రకమే. ఊపిరి పీల్చుకుని, చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకాలు వేయించాం.

అలా అమ్మేసిన ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆఫ్రికన్ రకమని తేలితే కేంద్ర ప్రణాళిక ప్రకారం చుట్టూ 1 కిలోమీటరు లోపలి పందులన్నిటినీ చంపేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. కానీ పరిహారం అలా చంపిన పందులకే. రోగంతో ముందే చచ్చినవాటికి రాదు. దాచిపెట్టి నాలుగు రోజులు గడిపితే నష్టపోయేది మనమే.

పందులకు పెట్టే హోటల్ మిగులు తిండి విషయంలో మాత్రం సంఘం ఓడిపోయింది. అందులో పంది మాంసం ముక్క ఉంటే చాలు, దాంతోపాటే వైరస్ రావచ్చు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసంలోనూ అది నెలల తరబడి బతుకుతుంది. అరగంట బాగా మరిగించి పెట్టమన్నాం. కట్టెల ఖర్చు ఎవరిస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు కమిటీ దగ్గర ఇంకా జవాబు లేదు.

గాలికుంటు సంగతి కూడా చెప్పాలి. అది గేదెల జబ్బేనని చాలామంది అనుకుంటున్నారు. పందికీ వస్తుంది, పైగా సోకిన పంది ఊపిరితో వదిలే వైరస్ పశువు వదిలేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాడి రైతులతో గొడవ పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఆఫ్రికన్ జ్వరం మనుషులకు సోకదని మాంసం కొట్ల దగ్గర బోర్డులు పెట్టించాం. జమాఖర్చులు విడిగా పంచాం.

చచ్చిన పందిని ఎవరూ కోసి చూడొద్దు, కాలవలో పడేయొద్దు. డాక్టర్ వచ్చి వెళ్లాక లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. శాంపిల్ పంపే ఐస్ పెట్టె కోశాధికారి ఇంట్లో ఉంది. అర్ధరాత్రి అయినా తలుపు కొట్టొచ్చు, ఆయన్ను అడిగే రాస్తున్నాను.

కార్యదర్శి