గేమింగ్ పీసీకి ఐ7 అంటే సరిపోదు, కోర్లు ఎన్నో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఫోన్ల గురించి తరచూ వేస్తుంటారు, ఏ ఫోన్‌కి ఎన్ని కెమెరాలో కూడా రాస్తారు, కానీ కంప్యూటర్ కొనేవాళ్లకి ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్, దీన్నే సీపీయూ అంటారు) గురించి నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు లేరండి, అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ బెంగళూరులో మా మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు చాలామంది ఊర్నుంచి నాన్న పంపిన డబ్బుతో ఎస్పీ రోడ్‌కి వెళ్లి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ తెచ్చుకుంటారు, చదువుకీ అదే గేమ్స్‌కీ అదే. షాపుల్లో చెప్పేది "ఐ7 సార్, ఏ గేమైనా ఆడుతుంది" అని. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల పేర్లు, కోర్లంటే ఆ చిప్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు.

మా పిన్ని కొడుకు అలాగే ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. జీటీఏ 5 గేమ్ పెట్టాడు. "అన్నా, ఎఫ్‌పీఎస్ బానే చూపిస్తోంది కానీ కార్ స్పీడ్‌గా తిప్పగానే టక్కున ఆగిపోయి మళ్లీ వస్తోంది" అంటాడు. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో ఆ లెక్క. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి చూస్తే కోర్స్ 2, లాజికల్ ప్రాసెసర్స్ (అంటే థ్రెడ్లు, ఒకేసారి నడపగల పనుల వరసలు) 4 అని ఉంది, పూర్తి మోడల్ ఐ7-7500యు. స్టిక్కర్ మీద అబద్ధం లేదు, 2016లో ఇంటెల్ ఆ చిప్‌ని రెండు కోర్లతోనే ఐ7 పేరు మీద అమ్మింది. మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యులో నాలుగు కోర్లున్నాయి. అంటే పేరుకి చిన్నదైన ఐ5 ఈ పనికి మేలు, ఆ ముక్క షాపతను చెప్పలేదు, వీడికి అడగాలని తెలీదు.

జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో, దానికి కనీసం కావాలని కంపెనీ రాసిందే కోర్ 2 క్వాడ్ క్యూ6600, అదీ నాలుగు కోర్లదే. అంతకుముందు 2008 ప్రాంతంలో ఇదే వాదన గట్టిగా నడిచేది, 2.4 గిగాహెర్ట్జ్ వేగం ఉన్న నాలుగు కోర్ల క్యూ6600 కొనాలా, 3 గిగాహెర్ట్జ్ రెండు కోర్ల ఈ8400 కొనాలా అని. అప్పటి గేమ్స్ చాలావరకు ఒకటి రెండు కోర్లే వాడుకునేవి కాబట్టి ఈ8400 కొన్నవాళ్లదే పైచేయి అయింది. 2013లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమ్ యంత్రాలు ఎనిమిదేసి చిన్న కోర్లతో వచ్చాక గేమ్ చేసేవాళ్లు పనిని పంచక తప్పలేదు. 2014లో ఫార్ క్రై 4 వచ్చినప్పుడైతే రెండు కోర్లు రెండు థ్రెడ్లే ఉన్న పెంటియమ్ మీద గేమ్ అసలు మొదలే కాలేదు, నల్ల స్క్రీన్ దగ్గరే నిలిచిపోయేది.

సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోకండి, మధ్యమధ్యలో ఆగడం అందులో కనపడదు. గేమ్‌కి అసలు లెక్క, సౌండు, మ్యాప్‌లో ముందుకెళ్లేకొద్దీ రోడ్లూ బిల్డింగులూ లోడ్ చేయడం, గ్రాఫిక్స్ డ్రైవర్ పని అన్నీ ఒకేసారి నడవాలి, వెనకాల డిస్కార్డ్ (ఆడుతూ మాట్లాడుకునే యాప్), బ్రౌజరు, యాంటీవైరస్ కూడా ఉంటాయి. పెళ్లి పంక్తిలో ఇద్దరే వడ్డిస్తుంటే ఎంత చురుగ్గా తిరిగినా ఎవరి ఆకులోనో అన్నం ఉండి సాంబారు రాదు చూడండి, అదే ఆ టక్కున ఆగడం. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లు నడిపే ఏర్పాటు) ఉంటే కొంత నయం, కానీ రెండు కోర్లు నాలుగు థ్రెడ్లు నాలుగు అసలు కోర్లతో సమానం కాదు.

అలాగని నాలుగు కోర్లు అన్న మాట వినగానే డబ్బు తీయొద్దు. ఇంటెల్ ఎన్100 చిప్‌లోనూ నాలుగు కోర్లే, అది తక్కువ కరెంటుతో నడిచే 6 వాట్ల చిప్, ఆఫీసు పనికి బ్రహ్మాండం, పెద్ద గేమ్స్‌కి కాదు. పాత 3వ జనరేషన్ ఐ5 డెస్క్‌టాప్‌లు కూడా దాదాపు అన్నీ నాలుగు కోర్లవే, కానీ వాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, షాపులో ఎలాగోలా వేసిచ్చినా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేకపోతే విండోస్ 11లో వాలరెంట్ గేమ్ తెరుచుకోదు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కూడా. పాత కౌంటర్ స్ట్రైక్ 1.6 లాంటివి మాత్రమే ఆడేవాడికి రెండు కోర్లు చాలు, వాడితో ఎక్కువ ఖర్చు పెట్టించడం అన్యాయం.

కొత్తది అసెంబుల్ చేయించుకుంటే నా ఉద్దేశంలో నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్ల ఐ3-12100ఎఫ్ కంటే కిందికి దిగొద్దు, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. చివర ఎఫ్ ఉంటే చిప్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు.

మా వాడి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకోమంటే, బిల్లు మీద ఐ7 అనే ఉందిగా, ఐ7 ఇచ్చాంగా అని పంపేశారు. అందుకే ఎడిటర్ గారూ, మీ బెంగళూరు ఎడిషన్లో కాలేజీలు తెరిచే ముందు దీని మీద ఒక అరపేజీ వేయండి. ఊళ్లో డబ్బు పంపే తల్లిదండ్రులు చదివేది మీ పేపరే, ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు బిల్లు మీద రాయించుకోమని వాళ్లే ఫోన్లో పిల్లలకి చెప్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు