గోల్డ్‌బర్గ్ కార్డు దొరికింది

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్ మధ్యలో కట్ అయింది. నెట్‌వర్క్ పోయిందో, జవాబు తోచక నువ్వే పెట్టేశావో దేవుడికెరుక. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్‌లో పాతవాళ్ళు మళ్ళీ రావడం గురించి నేను చెప్పాల్సింది మాత్రం సగంలో ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం. ఇందులో అయితే నువ్వు అడ్డు తగల్లేవు.

ముందు ఒక విశేషం. పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద మన రెజ్లింగ్ ట్రంప్ కార్డుల డబ్బా దొరికింది. అదే, బిస్కెట్ల రేకు డబ్బా. రబ్బరు బ్యాండు కరిగి కార్డులకి అతుక్కుపోయింది. నీ హీరో గోల్డ్‌బర్గ్ కార్డు మూల నీ పంటి గాటు ఇంకా అలాగే ఉంది. నేను లాక్కుంటానని నోట్లో కరుచుకుని మేడ మెట్లెక్కావు, గుర్తుందా? అమ్మ ఇద్దరికీ చెరో రెండు వడ్డించింది. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అన్నీ ఉన్నాయి కార్డు మీద. వయసు మాత్రం లేదు. అప్పుడు మనకి దాంతో పనీ లేదు.

మా మేనల్లుడు ఆ కార్డు తిప్పి చూసి "ఈ గుండాయన ఎవరు మామయ్యా" అన్నాడు. నువ్వుంటే ఆ రోజు భోజనం మానేసేవాడివి.

సరే, అసలు విషయానికి వస్తా. పేరున్న పాతవాళ్ళు రాకపోతే టికెట్టు కొని ఎవడు చూస్తాడ్రా అన్నావు. కాదనను. కానీ పాతవాడు రావడం మీద కాదు నా గొడవ. వచ్చినవాడు ఎవడి చేతిలో ఓడి వెళ్ళాడన్నది నా లెక్క. ఎవడు గెలవాలో ముందే రాసిపెట్టుకుంటారని మీ అన్నయ్య చెప్పి మనల్ని ఏడిపించాడే, ఎనిమిదో తరగతిలో. ఆ నిజం తెలిశాక ముసలాడు గెలిస్తే వాడి కండబలం అని ఎలా అనుకుంటాం? కుర్రాడి దగ్గర ఛాంపియన్ బెల్టు లాగి ముసలాడి నడుముకి కడదామని ఆఫీసులో కూర్చుని ఎవడో అనుకున్నాడు, అంతే.

నీ గోల్డ్‌బర్గ్‌నే తీసుకో. 2017 మార్చిలో కెవిన్ ఓవెన్స్ యూనివర్సల్ ఛాంపియన్. ఆరు నెలలుగా బెల్టు మోస్తున్నాడు, ప్రతి వారం వచ్చి ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడు. 50 ఏళ్ళ గోల్డ్‌బర్గ్ వచ్చి 22 సెకన్లలో భుజాలు నేలకి అదిమి పిన్ చేసి బెల్టు పట్టుకుపోయాడు. ఎందుకంటే, ఏడాదికోసారి జరిగే పెద్ద షో రెసిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్‌తో అతని మ్యాచ్‌కి బెల్టు ఉంటే అందంగా ఉంటుందట! పెళ్ళికి వెళ్ళడానికి పక్కింటావిడ గొలుసు అడిగి తీసుకున్నట్టు.

అదైనా ఓర్చుకున్నాను కానీ, 2020 ఫిబ్రవరిలో రియాద్‌లో జరిగింది మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. బ్రే వయట్ 'ఫీండ్' వేషం గుర్తుందిగా? ఆ ముసుగు, ఆ ఎర్ర లైటు. 2019లో సెత్ రోలిన్స్ కుర్చీతో, నిచ్చెనతో, చివరికి సుత్తితో కొట్టినా లేచి కూర్చున్నాడు. నెలల తరబడి అంత భయం పోగేశారు. గోల్డ్‌బర్గ్‌కి అప్పుడు 53. నాలుగు స్పియర్లు (పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దడం), ఒక జాక్‌హామర్ (పైకెత్తి నేలకేసి కొట్టడం), మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆ ముసుగు చూస్తే మళ్ళీ ఎవడికైనా భయమేసిందా? నువ్వు ఆ రోజు ఈలలు వేస్తున్న ఎమోజీలు పంపావు. వారం రోజులు నీతో మాట్లాడలేదు. పని ఎక్కువని అబద్ధం చెప్పాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

కోఫీ కింగ్‌స్టన్ సంగతి తలుచుకుంటే ఇంకా మంట. పదకొండేళ్ళు ఎదురుచూసి 2019 రెసిల్‌మేనియాలో డేనియల్ బ్రయన్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. పిల్లలు రింగ్‌లోకి వచ్చి నాన్నని పట్టుకున్నారు. అదే ఏడు అక్టోబర్‌లో లెస్నర్ ఒక్క ఎత్తు ఎత్తి పడేశాడు. పది సెకన్లు కూడా పట్టలేదురా. నేను టీ కప్పు కింద పెట్టేలోపు అయిపోయింది.

నా హీరో జాన్ సీనా పత్తిత్తు ఏం కాదులే. నువ్వు అనకముందే నేనే అంటాను. 2010లో నెక్సస్ అని కుర్రాళ్ళ గుంపు వచ్చి రింగ్‌నే పీకి పారేసింది కదా, అబ్బో ఎంత ఊపు! ఆ ఏడు సమ్మర్‌స్లామ్ షోలో చివరికి సీనా ఒక్కడు మిగిలాడు, అవతల ఇద్దరు. బయట సిమెంటు నేల మీద తల మోదించినా రెండు నిమిషాల్లో లేచి ఇద్దరినీ ఓడించేశాడు. నెక్సస్ కథ అక్కడితో చప్పబడిపోయింది. ఆ రాత్రి వాళ్ళు గెలవాల్సింది, నేను గెలవడం తప్పని సీనా తర్వాత తనే ఒప్పుకున్నాడు. 2014లో బ్రే వయట్‌నీ అలాగే ఓడించాడు. పాపం వయట్. ఇటు సీనా, అటు గోల్డ్‌బర్గ్, ఇద్దరూ అతని మీదే ఎక్కారు. 2023 ఆగస్టులో 36 ఏళ్ళకే పోయాడు.

అయితే సీనా దగ్గర ఒక మార్పు చూశాను. 2015లో కెవిన్ ఓవెన్స్ కొత్తగా వస్తే, వాళ్ళిద్దరి మొదటి మ్యాచ్‌లోనే ఏ మోసం లేకుండా అతని చేతిలో పిన్ అయ్యాడు. ఓవెన్స్ అనే పేరు ఆ రాత్రే జనానికి ఎక్కింది. సీనాకి ఈ విద్య ఎవరు నేర్పారంటావ్? 2002లో కర్ట్ యాంగిల్ మీద అతని మొదటి మ్యాచ్ చూడు. ఓడిపోయాడు. అయినా తెర వెనక పేరున్న పాతవాడు అండర్‌టేకర్ వచ్చి చెయ్యి కలిపాడు. ఆ షేక్‌హ్యాండు ముందు గెలుపెంత!

అన్నట్టు, మన గచ్చిబౌలిలో షో పెట్టారు, గుర్తుందా? 2023 సెప్టెంబర్ 8. నువ్వు రాలేకపోయావు, నీ టికెట్టు మా తమ్ముడికిచ్చాను. ఇండోర్ స్టేడియంలో సీనా, రోలిన్స్ ఒక జట్టు. సీనా పాట మొదలవగానే నా పక్కన బట్టతలాయన, కనీసం నలభై ఐదేళ్ళుంటాయి, కుర్చీ ఎక్కి సీనాలాగే మొహం ముందు చెయ్యి ఊపుతున్నాడు. వాళ్ళావిడ చొక్కా పట్టి లాగుతోంది. అదే రాత్రి గుంటర్ అనే రెజ్లర్ కూడా వచ్చాడు. నేను సమోసా కోసం లేచి వెళ్ళింది ఆ మ్యాచ్ అప్పుడే. సీనా కథని చివరికి ముగించేది ఆయనే అని నాకేం తెలుసు!

2025 డిసెంబర్ 13 రాత్రి వాషింగ్టన్‌లో సీనా ఆఖరి మ్యాచ్. మనకి ఆదివారం తెల్లారి. చలికి దుప్పటి కప్పుకుని కూర్చున్నా. ఆ షోలో మిగతా మ్యాచ్‌లన్నీ పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ మధ్యే. కోడీ రోడ్స్ మీద ఓబా ఫెమీ, బెయిలీ మీద సోల్ రూకా. తన వీడ్కోలు రోజున కుర్రాళ్ళు కనబడాలన్నది సీనా కోరికే. ఆఖర్న గుంటర్ స్లీపర్ (మెడ చుట్టూ చెయ్యి బిగించే పట్టు) పట్టాడు. సీనా ఒకసారి తప్పించుకున్నాడు, గుంటర్ మళ్ళీ పట్టాడు. ఏళ్ళ తరబడి 'నెవర్ గివ్ అప్' అని టవల్ మీద రాసుకుని తిరిగిన మనిషి ఒక్క క్షణం నవ్వాడురా. నవ్వి, చేత్తో తట్టాడు. ట్యాప్! అంటే ఓటమి ఒప్పుకున్నట్టే. హాలంతా తిట్లు. నేనూ తిట్టాను. మధ్యాహ్నం మళ్ళీ వేసుకుని ఆ నవ్వు దగ్గర ఆపి చూశాను. తిట్టడానికి నోరు రాలేదు.

నీ గోల్డ్‌బర్గ్ కూడా అదే ఏడు జూలైలో అట్లాంటాలో ఇదే గుంటర్ స్లీపర్‌లో సొమ్మసిల్లి ఓడి, ఆట నుంచి వెళ్ళిపోయాడు, 58 ఏళ్ళకి. నువ్వు చూడలేదు, నాకు తెలుసు. అడిగిన ప్రతిసారీ మాట మార్చావు. ఒకసారి చూడు. 2020లో మనకి బాకీ పడ్డది ఆ రోజు కొంత తీర్చాడు అనిపించింది నాకు. పూర్తిగా మాత్రం కాదు.

మా మేనల్లుడికి గుంటర్ దేవుడు. కార్డు ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు. గోల్డ్‌బర్గ్ కార్డు వాడికి ఇవ్వలేదులే. రబ్బరు మరక గోకి నా పర్సులో పెట్టుకున్నా. కావాలంటే పండక్కి వచ్చి తీసుకో. ఊరికే ఇవ్వను, పందెం వేసి గెలుచుకోవాలి.

అత్తయ్యకి, మీ ఆవిడకి అడిగానని చెప్పు.

నీ
రాంబాబు