‘గరుకు’ ఫాంటులో ‘ర’ ‘ఠ’ అయిన సంగతి

మా ‘గరుకు’ ఫాంటును కొని పోస్టర్లకు, సీసాల లేబుళ్ళకు, పుస్తకాల అట్టలకు వాడుకుంటున్న మీకందరికీ ఒక పొరపాటును దాచకుండా చెప్పవలసి ఉంది. గత నెల మేము పంపిన కొత్త ఫైలుతో ఒక పచ్చళ్ళ వ్యాపారి ‘ధనియాల కారం’ అని లేబులు వేయించుకుంటే, సీసా మీద ‘థనియాల కాఠం’ అని పడింది.

ఈ అక్షరాలు నేను లినోలియం పలకల మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్ది స్కాన్ చేసినవని మీకు తెలుసు. చెక్కగా మిగిలిపోయిన సన్నని గట్లకు సిరా అంటుకొని అక్షరం చుట్టూ, లోపలా మరకలు పడతాయి. ఆ మోటుతనం కోసమే మీరు దీనిని కొన్నారు. కానీ మన లిపిలో మరక ఎక్కడ పడాలో అక్కడే పడాలి. ‘ర’ కడుపులో చుక్క పడితే ‘ఠ’ అవుతుంది, ‘ధ’లో పడితే ‘థ’ అవుతుంది, ‘ధ’ కింది గీత అరిగిపోతే ‘ద’ మిగులుతుంది. ఇంగ్లీషు ‘ఓ’ లోపల ఎన్ని మరకలున్నా ఎవరికీ నష్టం లేదు. అందుకే మొదటి ఫైలులో ఇటువంటి చోట్లన్నిటినీ నేనే ఒక్కొక్కటిగా తుడిచాను.

‘అమ్మమ్మ’ అని రాస్తే రెండు ‘మ్మ’ల మీదా ఒకే గీత ఒకే చోట కనబడి చేతిపని కాదని తెలిసిపోతున్నందున, ప్రతి అక్షరానికీ మరో రూపం చేర్చే పనిని ఈసారి బయటివారికి అప్పగించాను. వారు నేనిచ్చిన లినోలియం అచ్చులను పక్కన పెట్టి, కంప్యూటరులో ఒకే మరకల బొమ్మను అన్ని అక్షరాల మీదా పరిచి పంపారు. అడిగితే, ‘మీ డిజైనే అలాంటిది కదండీ’ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అయినా, సరిచూడకుండా మీకు పంపినవాడిని నేనే కనుక ఆ లేబుళ్ళ ఖర్చు నేనే భరించాను.

మరకలన్నీ తీసివేసి నున్నగా ఇమ్మని మీలో కొందరు సూచించారు. పది రోజులు తర్జనభర్జన పడ్డాను, ఒక రాత్రి నిజంగానే తీసివేసి చూశాను. తెల్లవారాక ఆ ఫైలును చెరిపివేశాను. నున్నని ఫాంట్లు మీకు ఉచితంగానే ఎన్నో దొరుకుతాయి, వాటికోసం నేను వేళ్ళు కోసుకోనక్కరలేదు. అర్థం మారే చోట్ల మాత్రం తుడిచి, తక్కిన గరుకును అలాగే ఉంచాను.

సవరించిన ఫైలు ఉచితం. డబ్బు వాపసు కోరినవారికి వాపసు ఇస్తాను. పాత ఫాంటును తొలగించిన తరువాతనే కొత్తదాన్ని ఎక్కించుకోండి. అక్షరాలను ఇప్పటికే బొమ్మలుగా మార్చి దాచుకున్న డిజైన్లు వాటంతట అవి మారవు కనుక ఆ మాటలను మళ్ళీ టైపు చేయవలసి ఉంటుంది. ఇకపై కూడా ‘ర’ లోపల చుక్క కనబడితే ఫొటో తీసి పంపండి. ‘ఠ’ లోపల కనబడితే మాత్రం పంపనక్కరలేదు.