లిన్ యూటాంగ్‌ని సగమే చూపించారు

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సాహిత్యం పేజీలో చైనా రచయిత లిన్ యూటాంగ్ మీద వచ్చిన చిన్న వ్యాసం చదివానండీ. ఆయన పేరు ఒక తెలుగు పేపర్లో కనపడటమే నాకు పెద్ద సంతోషం, ముందు అందుకు థాంక్స్. కానీ చదవడం అయ్యాక ఏదో వెలితి మిగిలిపోయింది, ఎందుకంటే చైనా గురించి అమెరికా వాళ్ళకి సరదాగా చెప్పిన మనిషి అని రెండు ముక్కల్లో తేల్చేశారు, తూర్పుకీ పడమరకీ వంతెన అని కూడా రాశారు, బాగానే ఉంది, అయితే ఆ వంతెనకి తూర్పు వైపు గట్టు ఆయనకి పుట్టుకతో దొరకలేదు, ఇరవై ఏళ్ళు దాటాక సిగ్గుపడుతూ కష్టపడి సంపాదించుకున్నాడు. నాకు ఆయనంటే ఇంత అభిమానం రావడానికి కారణమే అది.

1895లో ఫుజియన్ రాష్ట్రంలో కొండల మధ్య ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. నాన్న క్రైస్తవ పాస్టరు, డబ్బులు లేవు గానీ చదువు పిచ్చి మాత్రం మామూలుగా లేదు, ఆ కొండల్లో కూర్చుని పిల్లలకి ఆక్స్‌ఫర్డ్, బెర్లిన్ యూనివర్సిటీల గురించి చెప్పేవాడట. మిషన్ స్కూళ్ళు, తర్వాత షాంఘైలో సెయింట్ జాన్స్ కాలేజీ, చదువంతా ఇంగ్లీషులోనే, క్రైస్తవ కుటుంబం కాబట్టి ఊళ్ళో ఆడే చైనా నాటకాలు కూడా చూడనిచ్చేవాళ్ళు కాదు. దాంతో ఏమైందంటే, చైనాలో చదువురాని వాళ్ళకి కూడా తెలిసిన కథ ఒకటుంది, మంగ్ జియాంగ్ అనే ఆవిడ భర్తని మహా కుడ్యం కట్టే వెట్టికి తీసుకుపోతే అతను అక్కడే చచ్చిపోతాడు, ఆవిడ వెతుక్కుంటూ వెళ్ళి ఏడిస్తే ఆ ఏడుపుకి గోడ కూలిపోయి అతని ఎముకలు బయటపడతాయి, ఆ కథ ఈయనకి తెలీదు. బైబిల్లో యెహోషువ బూరలు ఊదిస్తే యెరికో పట్నం గోడలు కూలిన సంగతి మాత్రం చిన్నప్పుడే తెలుసు. ఈ విషయం ఆయనే తర్వాత రాసుకున్నాడు, తనని మోసం చేసినట్టు కోపం వచ్చిందని. ఎక్కడో ఊరు కాని ఊరి గోడ తెలిసి సొంత దేశం గోడ తెలీకపోవడం ఎంత బాధో ఆ ఒక్క ముక్కలో ఉందండీ, మీ వ్యాసంలో ఇది లేకపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద లోటు అనిపించింది.

1916లో డిగ్రీ అయ్యాక బీజింగ్‌లో చింగ్‌హువా కాలేజీలో ఇంగ్లీషు మేష్టారుగా చేరాడు. చుట్టూ అంతా పెద్ద పెద్ద పండితులు, వాళ్ళని అడగడానికి మొహం చెల్లక ల్యూలిచాంగ్ వీధిలో పాత పుస్తకాల షాపులకి పోయి, ఏ పుస్తకం చదవాలి, ఏ ప్రతి మంచిది అని ఆ షాపు వాళ్ళతో మాటలు కలిపి మెల్లగా నేర్చుకున్నాడు. కాలేజీ మేష్టారు అయ్యుండి పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర సొంత సాహిత్యం అ ఆ ఇ ఈల నుంచి మొదలుపెట్టడం అంటే ఎంత మనసు చంపుకోవాలో కదా.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆయనకి ఒక అక్క ఉండేది, బాగా చదివేది, కాలేజీకి వెళ్ళాలని చాలా ఆశపడింది, ఇంట్లో డబ్బు లేదు, ఆడపిల్ల, పెళ్ళి చేసేశారు. తమ్ముడు షాంఘై కాలేజీకి బయల్దేరుతుంటే పెళ్ళికూతురు బట్టల్లోంచి 40 సెంట్లు తీసి చేతిలో పెట్టి, నేను వెళ్ళలేకపోయాను, నువ్వైనా బాగా చదువుకోరా అన్నట్టుగా చెప్పింది. మరుసటేడు అతను తిరిగి వచ్చేసరికి ప్లేగుతో చచ్చిపోయింది, అప్పటికి ఎనిమిదో నెల కడుపుతో ఉంది. ముసలితనంలో కూడా ఆ 40 సెంట్లు మర్చిపోలేదు ఆయన.

1919లో పెళ్ళయింది, భార్య ల్యావ్ ట్సుయ్‌ఫంగ్ డబ్బున్న ఇంటి పిల్ల, అబ్బాయి పేదవాడని వాళ్ళమ్మ అంటే అయితే ఏంటి అన్న మనిషి. ఇద్దరూ కలిసి హార్వర్డ్ వెళ్ళారు, నెలకి 40 డాలర్ల స్కాలర్‌షిప్పు కాస్తా ఆగిపోతే ఫ్రాన్స్ పోయి, మొదటి ప్రపంచ యుద్ధానికి వచ్చి అక్కడే ఉన్న చైనా కూలీలకి చదువు చెప్పాడు, అక్కణ్ణించి జర్మనీ, భార్య నగలు అమ్ముకుంటూ గడిపి 1923లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. అదీ దేని మీదంటే ప్రాచీన చైనా భాష ఉచ్చారణ మీద! పడమటికి పోయి మరీ తన భాష పాత గొంతు వెతుక్కున్నాడు.

హ్యూమర్ అనే ఇంగ్లీషు మాటకి యోమో అని చైనా మాట చేసింది 1924లో ఆయనే, అది ఇవాళ్టికీ వాడుకలో ఉంది, 1932లో లున్‌యు అని హాస్య పత్రిక కూడా పెట్టాడు. దేశం ఇంత కష్టంలో ఉంటే ఈ హాస్యం ఏంటని లూషున్ లాంటి పెద్ద రచయితలు గట్టిగానే విమర్శించారు, ఆ విమర్శలో బలం లేదని నేను అనను, జపాన్ వాళ్ళు మంచూరియా ఆక్రమించుకున్న రోజులవి. కానీ నవ్వడం తెలీని చోట నిరంకుశత్వం ఇంకా గట్టిపడుతుందని నా నమ్మకం, ఇందులో నేను లిన్ పక్షమే.

అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ ప్రోత్సాహంతో 1935లో మై కంట్రీ అండ్ మై పీపుల్, అమెరికా వెళ్ళాక 1937లో ది ఇంపార్టెన్స్ ఆఫ్ లివింగ్, ఇవి మీరు రాశారు కాబట్టి మళ్ళీ చెప్పను. మీరు వదిలేసింది 1942లో వచ్చిన ది విజ్డమ్ ఆఫ్ చైనా అండ్ ఇండియా. వెయ్యి పేజీలు దాటిన సంకలనం, అందులో ముందు భాగం మన దేశానిదే, ఋగ్వేదం సూక్తాలు, ఉపనిషత్తులు, గీత, రామాయణం, ధమ్మపదం, పంచతంత్రం, తర్వాతే చైనా వాళ్ళ గ్రంథాలు. మనవాళ్ళ పేజీలో ఆయన గురించి రాస్తూ ఈ పుస్తకం మాట ఎత్తకపోతే ఎలాగండీ.

ఇక టైప్‌రైటర్. చైనా లిపిలో అక్షరాలు వేలల్లో ఉంటాయి, అప్పటి చైనా టైప్‌రైటర్ అంటే పెద్ద పళ్ళెం నిండా అచ్చు దిమ్మలు, ఒక్కోదాన్ని వెతికి పట్టుకోవాలి. ఈయన 72 మీటల మెషీన్ చేయించాడు, మింగ్‌క్వాయ్ అని పేరు. అక్షరం పై భాగానికి ఒక మీట, కింద భాగానికి ఒక మీట నొక్కితే చిన్న కిటికీలో ఎనిమిది దాకా అక్షరాలు కనపడతాయి, కావలసినదాని నంబరు నొక్కితే కాగితం మీద పడుతుంది. ఇవాళ చైనా వాళ్ళు ఫోన్లో టైప్ చేస్తే కింద అక్షరాల వరస వచ్చి ఒకటి ఎంచుకుంటారే, దాదాపు అదే ఆలోచన, 1947లో, కంప్యూటర్ లేకుండా, పళ్ళచక్రాలతో! పుస్తకాల మీద సంపాదించిందంతా, దాదాపు లక్షా 20 వేల డాలర్లు, దానికే పోశాడు, పెర్ల్ బక్ వాళ్ళని అప్పు అడిగితే దొరకలేదు. తీరా కొనడానికి చూద్దామని పిలిచిన రెమింగ్టన్ అనే టైప్‌రైటర్ల కంపెనీ వాళ్ళ ముందు కూతురు తాయ్‌యీ మీట నొక్కితే మెషీన్ కదల్లేదు. తర్వాత బాగుచేసి పత్రికల వాళ్ళకి చూపించారు, అందరూ మెచ్చుకున్నారు, కానీ ఎవరూ తయారీకి దిగలేదు. మిగిలిన ఆ ఒక్క మెషీన్ కూడా ఎటు పోయిందో తెలీకుండా పోయి, 2025లో న్యూయార్క్‌లో ఒక ఇంటి నేలమాళిగలో దొరికింది, ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది.

అయినా ఆగలేదు, 1972లో డెబ్భై ఏళ్ళు దాటాక చైనీస్-ఇంగ్లీష్ నిఘంటువు తెచ్చాడు. 1976 మార్చి 26న హాంకాంగ్‌లో పోయాడు, తైపేలో తన ఇంటి పెరట్లోనే సమాధి చేశారు. రెండు పాదాలు తూర్పు పడమర సంస్కృతుల మీద, ఒక్క మనసు లోకంలోని రాతల మీద అనే అర్థం వచ్చేలా తన గురించి తాను ఒక ద్విపద రాసుకున్నాడు. మీరు అందులో మొదటి వరస ఒక్కటే వేశారు, రెండోది కూడా వెయ్యాలని కోరుతున్నాను. వీలైతే ఆ టైప్‌రైటర్ ఫోటో, ఆ అక్క 40 సెంట్ల సంగతి కూడా.

ఇట్లు,
మీ పాఠకురాలు